ఇంట్లోనే చదువుకుని ఎంసెట్ స్కోరు 58 నుంచి 100కి తెచ్చుకోవచ్చా?

తాడిపత్రి పిల్ల

అందరికీ నమస్కారం. మాది తాడిపత్రి. ఈ ఏడాదే ఇంటర్ ఎంపీసీ అయిపోయింది, గ్రూపు సబ్జెక్టుల్లో 600కి 521 వచ్చాయి. ఎంసెట్‌లో మాత్రం 160కి 58 దగ్గరే ఆగిపోయాను. మ్యాథ్స్ 24, ఫిజిక్స్ 15, కెమిస్ట్రీ 19. పేరు ఈఏపీసెట్ అని మారి ఏళ్లయినా మా ఇంట్లో అందరూ ఎంసెట్ అనే అంటారు, నేనూ అలాగే రాస్తున్నా.

మా నాయన బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని చేస్తాడు. లాంగ్ టర్మ్ కోచింగ్‌కి హాస్టల్‌తో కలిపి లక్షకు పైనే అడుగుతున్నారు. నాయన అప్పు తెద్దాంలే అంటున్నాడు గానీ మా అన్న చదువుకి తెచ్చినదే ఇంకా తీరలేదు, నాకు మనసొప్పడం లేదు. వచ్చిన ర్యాంకుకి ఎక్కడో దూరంగా ఒక ప్రైవేట్ కాలేజీలో సీటు రావచ్చు. కానీ నాకు అనంతపురం జేఎన్‌టీయూ క్యాంపస్‌లో చదవాలని ఎనిమిదో తరగతి నుంచీ ఉంది, స్కూల్ వాళ్లు ఒకసారి అక్కడికి తీసుకెళ్లారు, ఆ చెట్ల కింద పుస్తకాలు పట్టుకుని కూర్చున్న అక్కల్ని చూసినప్పటి నుంచీ.

చదవలేదని కాదు. పరీక్షకు ముందు నెలన్నర రోజుకి 9 గంటలు కూర్చున్నా. పేపర్ చూస్తే అన్నీ తెలిసినట్టే ఉంటాయి, చేయబోతే ఏదీ చివరిదాకా రాదు. ఇంట్లోనే ఉండి ఒక ఏడాది చదివి 100 దాటినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఏ పుస్తకాలు, రోజుకి ఎన్ని గంటలు? ఇంటర్ మార్కులు కూడా కలుస్తాయి కాబట్టి, ఆ మార్కులు పెంచుకోవడానికి మళ్లీ రాసే ఇంప్రూవ్‌మెంట్ పరీక్ష కూడా రాయాలా? దయచేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

అనంతపురం ఈసీఈ అక్క

చెల్లీ, నాకు మొదటిసారి 61, రెండోసారి 104. మధ్యలో ఏ కోచింగూ లేదు, ఇంట్లోనే. ఇప్పుడు నువ్వు చూసిన ఆ చెట్ల కిందే కూర్చుంటున్నా, మూడో ఏడాది. అందుకే నీ ప్రశ్న చూసి దాటిపోలేకపోయా, కాస్త పెద్దగానే రాస్తా.

ముందు ఇంటర్ మార్కుల సంగతి తేల్చేద్దాం. ర్యాంకుకి ఎంసెట్ 75 శాతం, ఇంటర్ గ్రూపు మార్కులు 25 శాతం. 160 మార్కుల్ని 75కి, 600 మార్కుల్ని 25కి కుదిస్తారు. అంటే ఎంసెట్‌లో ఒక్క మార్కు ఇంటర్‌లో దాదాపు 11 మార్కులకు సమానం, నువ్వే కాగితం మీద వేసి చూసుకో. నీ 521కి దాదాపు 21.7 వస్తుంది, తల కిందులుగా తపస్సు చేసి ఇంకో 30 మార్కులు పెంచుకున్నా కలిసేది 1.25. అదే 1.25 ఎంసెట్‌లో మూడు ప్రశ్నలు కరెక్ట్ చేస్తే వచ్చేస్తుంది. కాబట్టి ఇంప్రూవ్‌మెంట్ వదిలెయ్, ఆ రోజులు ఇక్కడ పెట్టు.

ఇక అసలు విషయం. నువ్వు ఎన్ని గంటలు అని అడిగావు, నేనూ మొదటి ఏడాది గంటలే లెక్కపెట్టుకున్నా. గంటలతో ఏమీ తెలియదు. కీతో పాటు రెస్పాన్స్ షీట్ ఇచ్చారు కదా, దింపుకున్నావా? అది నీ దగ్గర ఉంటే ఈ ఏడాదికి నీకు అంతకంటే మంచి పుస్తకం లేదు. పరీక్ష రోజు మనం ఏం నొక్కామో ఒక్కో ప్రశ్నకీ అందులో ఉంటుంది. నేను ఏం చేశానంటే, కొత్త చాప్టర్ మొదలుపెట్టకుండా వారం రోజులు ఆ షీట్ ఒక్కటే ముందేసుకుని, పోయిన మార్కులన్నీ మూడు కుప్పలు పోశా. అసలు తెలియనివి ఒకటి, తెలిసీ తప్పు చేసినవి రెండు, టైం చాలక వదిలేసినవి లేదా గుడ్డిగా నొక్కినవి మూడు. తెలియనివే ఎక్కువ ఉంటాయనుకున్నా. లెక్కపెడితే రెండో కుప్పే పెద్దది. ఆ రోజు అన్నం కూడా తినబుద్ధి కాలేదు. వచ్చిన లెక్కలే పోగొట్టుకున్నానని.

ఒకటి చెప్తా, అది ఇప్పటికీ మర్చిపోలేను. సరళరేఖాయుగ్మాల నుంచి ఒక ప్రశ్న, 3 ఎక్స్ స్క్వేర్ + 7 ఎక్స్‌వై + 2 వై స్క్వేర్ = 0, రెండు రేఖల మధ్య కోణం ఎంత. ఏ ఎక్స్ స్క్వేర్ + 2హెచ్ ఎక్స్‌వై + బీ వై స్క్వేర్ = 0 అయితే టాన్ విలువకి పైన 2 రూట్ (హెచ్ స్క్వేర్ - ఏబీ), కింద ఏ + బీ, ఈ ఫార్ములా నోటికొచ్చు. ఎక్స్‌వై ముందున్న 7నే హెచ్ అనుకుని వేసేశా, లోపల 49 లోంచి 6 తీస్తే రూట్ 43 వచ్చింది, ఆప్షన్లు చూస్తే అలాంటిదే లేదు. కంగారుపడి ఏదో ఒకటి నొక్కి ముందుకెళ్లా. ఆ 7 హెచ్ కాదు, 2హెచ్. 7 బై 2 వేస్తే రూట్ లోపల 25 బై 4, పైన 5, కింద 5, టాన్ విలువ 1, జవాబు 45 డిగ్రీలు. ఇంటర్ పరీక్షలో అయితే తీరిగ్గా దిద్దుకునేదాన్ని. ఇక్కడ ప్రశ్నకి నిమిషం పైన కొద్ది సెకన్లే, 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు.

ఇలాంటివన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నా. జవాబు రాయడం కాదు, నేను ఎక్కడ పొరబడ్డానో ఒక్క లైను. "ఎక్స్‌వై గుణకంలో సగం హెచ్." "సెంటీమీటర్లు మీటర్లలోకి మార్చలేదు." "కానిది ఏది అని అడిగితే అయినది ఏది అని చదివా." రాత్రి పడుకునే ముందు పది లైన్లు చదివేదాన్ని. డిసెంబరుకి అవే తప్పులు మళ్లీ మళ్లీ చేస్తున్నానని అర్థమైంది, మొత్తం తిప్పికొడితే ఓ ముప్ఫై రకాలు, అంతే. ఆ ముప్ఫై మానుకోవడమే నా రెండో ఏడాది చదువు అని చెప్పొచ్చు.

పుస్తకాలంటావా, తెలుగు అకాడమీ పుస్తకాలు, పాత ఎంసెట్ పేపర్లు. అధికారిక వెబ్‌సైట్‌లో పాత పేపర్లు కీతో సహా ఉంటాయి, ఒక్క పూట పేపర్ వదలకుండా ప్రింట్ తీయించుకో. ఇంకేమీ కొనకు. మూడు గైడ్లు కొని ఒక్కోటి పావు వంతు చేసినవాళ్లని చూశా. ఇంకోటి, ఈ మధ్య ఇంటర్ సిలబస్ మారుతోంది, వచ్చే నోటిఫికేషన్‌తో పాటు ఇచ్చే సిలబస్ వచ్చిన రోజే నీ లిస్టుతో సరిపోల్చుకో, మర్చిపోవద్దు.

గుత్తి కుర్రోడు

నేను చేసి ఫెయిలైనవాణ్ణి, నాదీ విను. ఇంట్లో చదివా, పోయినసారి 70, ఈసారి 76. ఏడాదికి 6 మార్కులు. కారణం ఒక్కటే, ఐదు నెలలు వీడియోలు చూశా. సార్ బోర్డు మీద చేస్తుంటే అంతా అర్థమైపోతుంది, తల ఊపుతూ ఉంటాం, రోజుకి ఆరు వీడియోలు అయ్యేసరికి చాలా చదివిన తృప్తి. మరుసటి రోజు అదే లెక్క కాగితం మీద పెట్టుకుంటే రెండో స్టెప్ దగ్గర ఆగిపోయేవాణ్ణి. వీడియో చూడొద్దని కాదు, ప్రశ్న స్క్రీన్ మీదకి రాగానే ఆపి ముందు నువ్వు చెయ్, రాకపోతేనే అప్పుడు చూడు. ఈ మాట నాకు జూన్‌లో ఎవరైనా గట్టిగా చెప్పి ఉంటే బాగుండేది.

ఇంకో మాట. ఇంట్లో ఒక్కడినే కూర్చోవడం నా వల్ల కాలేదు, సాయంత్రమైతే స్నేహితులు కాలేజీ ఫొటోలు పెడుతుంటే మనసు ఎటో పోయేది. నీకు అలా ఉంటే దాచుకోవద్దు. వచ్చిన సీటులో చేరిపోవడం కూడా తప్పేమీ కాదు.

కడప ఫిజిక్స్ మాస్టారు

అమ్మా, 30 ఏళ్లు జూనియర్ కాలేజీల్లో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. పై అమ్మాయి చెప్పిన మూడు కుప్పల పద్ధతి బంగారం లాంటిది, దానికి నేను కలపగలిగింది కొంచెమే.

పిల్లలు ఫిజిక్స్ అనగానే మెకానిక్స్ పట్టుకుని కూర్చుంటారు, అది కష్టమైన భాగం, నెలలు తినేస్తుంది. పాత పేపర్లు పదింటిని ముందేసుకుని, ప్రతి ప్రశ్న పక్కనా అది ఏ చాప్టరో పెన్సిల్‌తో రాయమ్మా. 40 ప్రశ్నలూ రెండేళ్ల సిలబస్ అంతటా పరుచుకుని ఉంటాయి, దాదాపు ప్రతి చాప్టర్ నుంచి ఒకటో రెండో. ప్రమాణాలు, మితులు నుంచి వచ్చే ఒక మార్కుకీ, భ్రమణ గతి నుంచి తల బద్దలు కొట్టుకుని చేసే ఒక మార్కుకీ తేడా లేదు. పరమాణువులు, కేంద్రకాలు, అర్ధవాహకాలు, ద్వంద్వ స్వభావం, ఇవన్నీ చిన్న చాప్టర్లు, ఫార్ములాలు నాలుగైదు ఉంటాయి. రెండో ఏడాది చివర్లో వస్తాయి కాబట్టి కాలేజీల్లో హడావిడిగా లాగించేస్తారు, పిల్లలూ వదిలేస్తారు. నువ్వు వాటితో మొదలుపెట్టు. నీ 15 మొదటి రెండు నెలల్లోనే కదులుతుంది, కదిలితే ధైర్యం వస్తుంది.

తెలుగు మీడియంలో చదివావో ఇంగ్లీషు మీడియంలోనో రాయలేదు. తెలుగు మీడియం అయితే భయపడకు, స్క్రీన్ మీద ప్రశ్న రెండు భాషల్లోనూ వస్తుంది. కానీ తెలుగు అనువాదం ఒక్కోసారి తికమకగా ఉంటుంది, జడత్వ భ్రామకం అంటే మొమెంట్ ఆఫ్ ఇనర్షియా అని రెండు పేర్లూ పక్కపక్కన రాసుకుని అలవాటు చేసుకుంటే అనుమానం వచ్చినప్పుడు రెండో భాషలో చూసి నిర్ధారించుకోవచ్చు. మా కాలేజీలో పల్లెల నుంచి వచ్చిన పిల్లలకు నేను మొదటి నెల చేయించే పని ఇదే.

ఆదోని అమ్మ

నాకు ఫిజిక్స్, మ్యాథ్స్ తెలియవు. మా పాప కూడా ఇట్లే ఇంట్లో ఉండి మళ్లీ రాసింది, మంచి ర్యాంకే వచ్చింది, ఒక తల్లిగా చూసింది చెప్తా.

ఆడపిల్ల ఇంట్లో ఉంది అంటే ఖాళీగా ఉంది అనుకుంటారు. నీళ్లొస్తే పట్టు, చుట్టాలొస్తే టీ పెట్టు, పక్కింటి పిల్లాడికి రొంత లెక్కలు చెప్పు. నేనే మొదటి నెల అట్లా పిలిచేదాన్ని, తప్పు నాదే. ఒకరోజు ఒక లెక్క మధ్యలో మూడుసార్లు పిలిస్తే పాప పుస్తకం మూసి ఏడ్చేసింది. ఆ రోజు నుంచి పొద్దున 6 నుంచి 11 దాకా అది ఇంట్లో లేనట్టే అని అందరికీ చెప్పేశా, మా అత్తకు కూడా. ఫోన్ నా దగ్గరే పెట్టుకునేదాన్ని. మధ్యాహ్నం లైబ్రరీకి పోయేది, అక్కడ ఫ్యాన్ కింద కూర్చుంటే ఇల్లు గుర్తు రాదని అనేది.

అమ్మా, మీ నాయనకు డబ్బు ఖర్చు లేకుండా చేస్తున్నావు, అది చిన్న విషయం కాదు. బదులుగా ఇంట్లో వాళ్లని ఆ అయిదు గంటలు నోరు తెరిచి అడుగు. అడగకపోతే ఎవరూ ఇవ్వరు. మీ అమ్మతో మాట్లాడాలంటే నేను మాట్లాడతా.

తాడిపత్రి పిల్ల

అందరికీ చాలా చాలా థాంక్స్. ఆదోని అమ్మా, మీ మాట మా అమ్మకి చదివి వినిపించా, ఏమీ అనలేదు గానీ నిన్నటి నుంచి పొద్దున నీళ్ల పని తనే చూసుకుంటోంది.

మాస్టారూ, నేను పదో తరగతి దాకా తెలుగు మీడియమే, ఇంటర్‌లో ఇంగ్లీష్. అందుకే సగం పదాలు ఒక భాషలో సగం ఇంకో భాషలో ఉన్నాయి నాకు. రెండు పేర్ల నోట్సు ఈ రోజే మొదలుపెట్టా.

అక్కా, రెస్పాన్స్ షీట్ ఫోన్‌లోనే ఉంది. నాలుగు రోజులు కూర్చుని కుప్పలు పోశా. పోయిన 102లో అసలు తెలియనివి 37, తెలిసీ తప్పు చేసినవి 31, టైం చాలనివి 34. ఇంకో సంగతి, కరెక్ట్ అయిన 58లో కూడా 9 నేను గుడ్డిగా నొక్కినవే. అంటే నిజంగా నా స్కోరు 49 అన్నమాట. టైం ఎందుకు పోయిందో చూస్తే, మ్యాథ్స్‌తో మొదలుపెట్టి వరుసగా ఒక్కటీ వదలకుండా చేశా, ఒక ఇంటిగ్రేషన్ దగ్గరే ఏడెనిమిది నిమిషాలు పోయినట్టు గుర్తు. చివరి 20 నిమిషాల్లో ఫిజిక్స్ సగం పైన మిగిలిపోయింది.

ఇప్పుడు ఏ కుప్పతో మొదలుపెట్టాలి? తెలియనివి 37 అనిపిస్తోంది నాకు.

అనంతపురం ఈసీఈ అక్క

లేదు చెల్లీ, ఆ 37 చివరికి. ముందు ఆ 34, ఎందుకంటే దానికి కొత్తగా చదవాల్సింది ఏమీ లేదు, పేపర్ చేసే వరుస మార్చుకుంటే చాలు. నేను కెమిస్ట్రీతో మొదలుపెట్టేదాన్ని, వస్తే పది సెకన్లలో వస్తుంది, రాకపోతే రాదు. దానికి 30 నిమిషాలు, ఫిజిక్స్‌కి 45, మ్యాథ్స్‌కి 95, చివరి 10 నిమిషాలు ఖాళీగా ఉన్నవాటన్నిటికీ ఏదో ఒకటి పెట్టడానికి. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదిలి లేవకూడదు. నేను మొదటిసారి 19 అలాగే వదిలేసి లేచా, తలుచుకుంటే ఇప్పటికీ బాధే. మ్యాథ్స్‌లో కూడా రెండు రౌండ్లు. మొదటి రౌండ్‌లో చూడగానే దారి తెలిసినవే. ఒకటిన్నర నిమిషం దాటితే మార్క్ చేసి వదిలెయ్, ఎంత దగ్గరికొచ్చినా సరే. ఈ వదలడమే అన్నిటికంటే కష్టం, దీన్ని కూడా ప్రాక్టీస్ చేయాలి, పక్కన గడియారం పెట్టుకుని.

మ్యాథ్స్‌లో టైం మిగిల్చే ఇంకో దారి ఉంది, ఆప్షన్ల నుంచి వెనక్కి రావడం. ఇంటిగ్రేషన్ రాకపోతే ఆప్షన్‌ని డిఫరెన్షియేట్ చేసి చూడు. ద్విపద సిద్ధాంతంలో సీ0 + 2 సీ1 + 3 సీ2 అంటూ ఎన్ దాకా మొత్తం ఎంత అని అడుగుతారు కదా, ఎన్ = 2 వేసెయ్, 1 + 4 + 3, మొత్తం 8. ఇప్పుడు ఆప్షన్లలో ఎన్ బదులు 2 పెడితే 8 ఇచ్చేది ఏదో చూడు. రెండు ఆప్షన్లు 8 ఇస్తే ఎన్ = 3తో ఇంకోసారి, అప్పుడు 1 + 6 + 9 + 4, 20 రావాలి. ఇంటర్ పేపర్‌లో దీనికి మార్కులు వేయరు, అందుకే కాలేజీలో మనకి అలవాటు కాదు.

ఆ తర్వాత 31. అది నోట్‌బుక్ పని, రోజూ నడుస్తూనే ఉంటుంది. 37లో కూడా ముందు మాస్టారు చెప్పిన చిన్న చాప్టర్లు, కెమిస్ట్రీలో ఇనార్గానిక్, అకాడమీ పుస్తకంలో లైన్లు ఉన్నవి ఉన్నట్టే అడుగుతుంటారు. నాకు నవంబరు దాకా చాప్టర్లు, డిసెంబరు నుంచి వారానికి ఒక పూర్తి పేపర్, మార్చి నుంచి వారానికి మూడు. పేపర్ చేసిన మూడు గంటలకి దాన్ని దిద్దుకోవడానికి ఇంకో నాలుగు గంటలు పట్టేది. ఆ నాలుగు గంటలు తగ్గించుకోకు.

ఇంకొకటి ఎవరూ చెప్పరు. పరీక్ష కంప్యూటర్ మీద. ప్రశ్న స్క్రీన్ మీద చూసి లెక్క రఫ్ కాగితం మీద చేయాలి, తల పైకీ కిందికీ ఆడిస్తూ ఉండాలి, అంకెలు తప్పుగా దించుకోవడం అక్కడే జరుగుతుంది. ఏప్రిల్‌లో కనీసం నాలుగైదుసార్లు నెట్ సెంటర్‌లో కూర్చుని అధికారిక మాక్ టెస్ట్ రాయి. మధ్యాహ్నం పూట రాయి ఒకసారి, మే ఎండలో తాడిపత్రి నుంచి బస్సులో అనంతపురం వచ్చి సెంటర్‌కి చేరి రాయాల్సి రావచ్చు. నిమిషం ఆలస్యమైతే లోపలికి పంపరు, నా ముందే ఒకబ్బాయిని గేటు దగ్గర ఆపేశారు, వాళ్ల నాన్న బతిమాలుతూ నిలబడ్డాడు. ముందురోజే వచ్చి మా రూమ్‌లో ఉండు, నేనే సెంటర్ దాకా తోడొస్తా.

100 వస్తాయా అని అడిగావు, మాటివ్వలేను. ర్యాంకు ఆ ఏడాది ఎంతమంది ఎలా రాశారన్నదాన్ని బట్టి కూడా ఉంటుంది, పూటపూటకీ పేపర్ వేరు కాబట్టి మార్కుల్ని నార్మలైజ్ చేస్తారు, అంటే ఏ పూట పేపర్ ఎంత కష్టమో చూసి సరిచేస్తారు. మా కాలేజీలో ఏ బ్రాంచికి ఏ కేటగిరీలో చివరి ర్యాంకు ఎంతో పోయిన ఏడాదిది దింపుకుని నీ టేబుల్ ముందు అంటించుకో. నీ 34, 31 కలిపితే 65. అందులో సగం వెనక్కి తెచ్చుకున్నా 90 అవుతుంది, ఆ 37ని ఇంకా ముట్టుకోకముందే.

ఆదివారం ఒక పాత పేపర్ ఈ వరుసలో రాసి, కుప్పల లెక్క ఇక్కడే పెట్టు. నేను చూస్తా.

తాడిపత్రి పిల్ల

సరే అక్కా. మా వీధిలో రాత్రి 10 తర్వాత కటింగ్ మిషన్లు ఆగుతాయి, పొద్దున 6కి మళ్లీ మొదలు. ఆదివారం సెలవు కాబట్టి పొద్దున 9 నుంచి 12 మిద్దె మీద గదిలో కూర్చుంటా, అమ్మకి చెప్పేశా. సాయంత్రానికి లెక్క పెడతా.